పికప్ తొట్టి పక్క డోర్లు పొట్ట వస్తున్నాయి: విచ్చుకోకుండా బలపరచడం ఎలా?

మిర్చిబండి, గుంటూరు

అందరికీ నమస్కారం. నా దగ్గర టన్నున్నర మోసే పికప్ బండి ఉంది. మూడు పక్కలా డోర్లు తెరుచుకునే తొట్టి, పొడవు 2.6 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, డోరు ఎత్తు 40 సెంటీమీటర్లు. మిర్చి రోజుల్లో ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతాను, మిగతా నెలల్లో ఇసుక, తవుడు, పత్తి గింజలు, ఏది దొరికితే అది. టిక్కీలు ఎత్తుగా పేర్చడానికి డోర్ల మీద రెండడుగుల ఇనుప గ్రిల్ బిగించుకున్నాను.

రెండేళ్లుగా పక్క డోర్లు నడుమ బయటకు పొట్ట వస్తున్నాయి. ముందు గుంజ నుంచి వెనుక గుంజ దాకా దారం లాగి ఖాళీ బండి మీద కొలిస్తే ఎడమ డోరు మధ్యలో 38 మిల్లీమీటర్లు, కుడి డోరు 26 మిల్లీమీటర్లు బయటకు ఉన్నాయి. వెనుక డోరు గొళ్లెం ఇప్పుడు దానంతట అది పడదు; ఇద్దరం చెరో పక్క డోరును లోపలికి నెట్టి పట్టుకుంటేనే పడుతుంది. ఒక షెడ్డులో డోరు బయట పొడవునా 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం పట్టీ అతికించారు. ఒక్క సీజను తిరిగేసరికి ఆ పట్టీ కూడా డోరుతో పాటే వంగిపోయింది. ఇంకో షెడ్డులో రేకు మొత్తం తీసేసి 3 మిల్లీమీటర్ల రేకు వేయమంటున్నారు. డబ్బు పెట్టేముందు అసలు జబ్బు ఎక్కడుందో తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

బాడీ మేస్త్రీ, ఆటోనగర్, విజయవాడ

రేకు మార్చే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి బాబూ. పక్కలు విచ్చుకున్నాయని మా దగ్గరకు వచ్చే బళ్లలో మూడు రకాల జబ్బులు ఉంటాయి, మూడింటికీ మందు వేరు. డోరు రెండు చివర్లా గుంజలకు ఆనుకొని నిలబడి నడుమ మాత్రమే ఉబ్బడం ఒకటి. డోరు తిన్నగానే ఉన్నా కింద బందుల (డోరు తిరిగే కీళ్ల) దగ్గర ఆట వచ్చి మొత్తం బయటకు వాలడం రెండోది. వెనుక మూల గుంజలే బయటకు ఒరిగిపోవడం మూడోది. ముందు గుంజలు సాధారణంగా ఒరగవు, ఎందుకంటే క్యాబిన్ వెనుక ఉండే ముందు పలక ఆ రెంటినీ అడ్డంగా కట్టి పట్టుకుంటుంది. వెనుక అలాంటి కట్టు లేదు, అక్కడ తెరుచుకునే డోరు ఉంది కదా.

బండిని చదునైన నేల మీద ఖాళీగా నిలిపి వెనుక గుంజల పైనుంచి మట్టపు గుండు వేలాడదీసి చూడండి. డోరు దించి బంది రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయా, కోలగా అరిగాయా చూడండి. తరువాత బండి కిందకు దూరి, నేల రేకు కింద అడ్డంగా వెళ్లే చానళ్ల చివర్లు పక్క దూలానికి అతికిన చోట పగుళ్లు ఉన్నాయేమో వైరు బ్రష్‌తో రుద్ది పరీక్షించండి. రంగు మీద సన్నని తుప్పు గీత కనబడితే దాని కింద పగులు ఉన్నట్టే లెక్క. గ్రిల్ కాళ్లు దేనికి బిగించారో కూడా చెప్పండి, నా అనుమానం అక్కడే ఉంది.

మిర్చిబండి, గుంటూరు

మేస్త్రీ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఎడమ వెనుక గుంజ పై చివర 9 మిల్లీమీటర్లు బయటకు ఒరిగింది, కుడిది 4. ఎడమ డోరు నడిమి బంది రంధ్రం కోలగా అరిగిపోయింది. వెనుక నుంచి రెండో అడ్డ చానల్ ఎడమ చివర అతుకు దగ్గర వేలెడంత తుప్పు గీత ఉంది. గ్రిల్ కాళ్లు డోరు పై అంచుకే బోల్టులతో బిగించి ఉన్నాయి, నేలకు గానీ గుంజలకు గానీ తగిలింపు లేదు.

పాలిటెక్నిక్ మాస్టారు, తెనాలి

మేస్త్రీ గారి అనుమానం సరైనదేనని లెక్క కూడా చెబుతుంది. ఈ విషయంలో చాలామంది ఊహించే దానికీ నిజంగా జరిగేదానికీ తేడా ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, దయచేసి ఓపికతో చదవండి.

విడి సరుకు పక్క గోడను తోసే తోపు దాని లోతును బట్టి ఉంటుంది. పొడి ఇసుక ఘనమీటరు సుమారు 1,600 కిలోలు. దాని రాపిడి కోణం, అంటే కుప్ప జారకుండా నిలిచే వాలు, 30 డిగ్రీలు అనుకుంటే, ఏ లోతులోనైనా కిందకు పడే ఒత్తిడిలో మూడో వంతు పక్కకు తోస్తుంది. మీ డోరు అంచు దాకా, అంటే 40 సెంటీమీటర్లు నింపితే డోరు మొత్తం మీద పడే తోపు సుమారు 110 కిలోలు మాత్రమే, అదీ అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది. అయితే అంచు దాకా నింపిన ఆ ఇసుక బరువెంతో చూడండి. 2.6, 1.7, 0.4 గుణిస్తే 1.77 ఘనమీటర్లు, అంటే 2,800 కిలోలు దాటుతుంది. టన్నున్నర బండిలో ఇసుక 21 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు, అంటే డోరు ఎత్తులో సగం కొంచెం పైచిలుకు. ఆ ఎత్తులో ఇసుక తోపు డోరు మొత్తానికి 30 కిలోలు మాత్రమే. నిండా నింపిన తొట్టిలో ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు, డోరును అడుగు దగ్గర తిప్పేసే బలం ఎనిమిది రెట్లు అవుతుందని గుర్తు పెట్టుకోండి.

అసలు భారం మలుపుల్లో వస్తుంది. బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 23 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరిగితే, సరుకు తన బరువులో దాదాపు మూడు పదోవంతుల బలంతో బయటి పక్కకు ఒరుగుతుంది. 1,500 కిలోల లోడుకు అది 450 కిలోలు. అందులో కొంత నేల రేకు రాపిడి ఆపుతుంది. కానీ మిర్చి టిక్కీలు డోరు ఎత్తు దాటి పైకి పేర్చి ఉంటాయి, పై వరుసల తోపు గ్రిల్ మీదే పడుతుంది. ఆ 450లో మూడో వంతు, 150 కిలోలు, తొట్టి నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున గ్రిల్ మీద పడిందనుకుందాం. డోరును అడుగు దగ్గర తిప్పే బలం ఇందాకటి 21 సెంటీమీటర్ల ఇసుక కంటే దాదాపు 50 రెట్లు ఉంటుంది. మీ బండిని పాడుచేసింది ఇసుక కంటే కూడా డోరు అంచును పట్టుకొని నిలబడ్డ గ్రిల్.

అతికించిన పట్టీ ఎందుకు వంగిందో కూడా చెబుతాను. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని బల్లపరుపుగా డోరుకు అతికిస్తే, బయటకు వంగడాన్ని అది తన 6 మిల్లీమీటర్ల మందంతో మాత్రమే ఎదిరిస్తుంది. అదే పట్టీని అంచు మీద నిలబెట్టి, 50 మిల్లీమీటర్లు బయటకు పొడుచుకొని వచ్చేలా అతికించి ఉంటే ఎనిమిది రెట్లకు పైగా బలం వచ్చేది. ఇనుము ఒకటే, బరువు ఒకటే, నిలబెట్టిన తీరులోనే తేడా. రేకు మందం 1.6 నుంచి 3 మిల్లీమీటర్లకు పెంచితే రెండు పక్కలకూ కలిపి 23 కిలోల బరువు పెరుగుతుంది, గుంజల బలహీనత మాత్రం అలాగే మిగిలిపోతుంది.

నడుమ పొట్ట గురించి ఒక్క మాట. సమానంగా భారం పడే దూలం ఎంత వంగుతుందనేది దాని పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 2.6 మీటర్ల డోరుకు నడుమ ఒక గట్టి గుంజ పెట్టి రెండు 1.3 మీటర్ల డోర్లుగా చేస్తే, ఒక్కొక్కటి వంగేది మునుపటి దానిలో పదహారో వంతు. ఇంత తక్కువ ఇనుముతో ఇంత ఫలితం ఇచ్చే మార్పు ఈ తొట్టిలో మరొకటి లేదు.

ఇసుక సరఫరా, ఉండవల్లి

మాస్టారూ, నడుమ గుంజ మంచిదే గానీ మా పనికి అది అడ్డం. మేము పక్క డోరు పూర్తిగా దించి పారలతో ఇసుక లాగుతాం; మధ్యలో గుంజ నిలబడి ఉంటే పార తిరగదు. పాత లారీల్లో ఒక పక్క నుంచి రెండో పక్కకు అడ్డంగా గొలుసు వేసేవారు. అది చాలదా?

బాడీ మేస్త్రీ, ఆటోనగర్, విజయవాడ

గుంజ ఊడదీసుకునేలా చేస్తే మీ ఇబ్బంది తీరుతుందండీ. అడ్డ చానల్‌కు అతికించిన జేబులో గుంజ దిగేలా పెడతాం, ఇసుక దించేటప్పుడు పిన్ను లాగి పైకి ఎత్తేస్తారు. గొలుసును నేను కాదనను. ఒక పక్క తోపును రెండో పక్క గుంజకు నేరుగా అందించే సాధనం అదొక్కటే. గుంజ ఎంత గట్టిదైనా దాని బలమంతా అడుగు అతుకు మీదే ఆధారపడి ఉంటుంది. గొలుసు ఆ అతుకు మీది భారాన్ని తగ్గిస్తుంది. కాబట్టి రెండూ కలిపి వేయడమే నా పద్ధతి. నడుమ గుంజల పై చివర్లలో కొక్కేలు, వాటి మధ్య గొలుసు, బిగించుకోవడానికి మర బిగింపు. లాగుడు పనులకు చేసిన గ్రేడు 80 గొలుసు 8 మిల్లీమీటర్లది రెండు టన్నుల పని భారానికి సరిపోతుంది. ఆ గుర్తు లింకుల మీద అచ్చు వేసి ఉంటుంది. గేట్లకు వేసే మామూలు గొలుసు కొనవద్దు, దాని లింకు అతుకులు ఎక్కడ విడిపోతాయో చెప్పలేం.

పాలిటెక్నిక్ మాస్టారు, తెనాలి

గొలుసు విషయంలో ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. గొలుసు వదులుగా ఉంటే పక్కలు ఆ వదులు మేరకు విచ్చుకున్న తరువాతే అది పట్టుకుంటుంది, కాబట్టి బిగుతుగానే ఉండాలి. అయితే బిగుతు గొలుసు మీద బస్తా పెట్టకూడదు. 1.7 మీటర్ల గొలుసు నడుమ 80 కిలోలు, అంటే రెండు టిక్కీలు ఎక్కి అది 5 సెంటీమీటర్లు కుంగిందనుకోండి. అప్పుడు గొలుసులో వచ్చే లాగుడు సుమారు 680 కిలోలు. అది రెండు గుంజలనూ లోపలికి గుంజుతుంది. బయటకు విచ్చుకుంటున్న పక్కలను ఆపబోయి లోపలికి వంచుకున్న బండ్లను నేను చూశాను. టిక్కీల వరుసలు గొలుసు కింది దాకా పేర్చి, గొలుసు బిగించి, ఆ పైన వేసే వరుసలు గొలుసుకు అటూ ఇటూ ఉండేలా సందు వదలడం మంచిది.

ముఠా పెద్ద, మిర్చి యార్డు

నాయనా, ఇనుము సంగతి మీరు చూసుకుంటున్నారు, పేర్పు సంగతి నేను చెబుతాను. ముప్పై ఏళ్లుగా టిక్కీలు ఎత్తి దించిన చేతులు ఇవి. ఒక దాని మీద ఒకటి నిట్టనిలువుగా పేర్చిన వరుస విడి స్తంభంలా నిలబడుతుంది, మొదటి మలుపులోనే పక్కకు వాలి డోరును తోస్తుంది. గోడకు ఇటుక పేర్చినట్టు, కింది రెండు టిక్కీల సందు మీదకు పై టిక్కీ నడుము వచ్చేలా వేస్తూ పోతే మొత్తం ఒక్క ముద్దగా నిలుస్తుంది. డోరు వైపు వరుసలు పైకి పోయేకొద్దీ నాలుగు వేళ్లు లోపలికి రావాలి. త్వరగా అయిపోవాలని బండివాళ్లే మమ్మల్ని తొందరపెడతారు, పేర్పు చెడేది అప్పుడే.

మోకు కొక్కేలు ఎక్కడున్నాయో కూడా చూసుకో. చాలా బండ్లకు డోరు పై అంచుకే కొక్కేలు వేస్తున్నారు. సరుకు డోరు కంటే బయటకు ఉబ్బి ఉన్నప్పుడు ఆ కొక్కేనికి మోకు కట్టి బిగిస్తే, మోకు డోరు అంచును పైకీ బయటకూ లాగుతుంది. సరుకును కట్టామనుకుంటాం, నిజానికి డోరును మనమే విప్పుతున్నాం. కొక్కేలు నేల కింద పక్క దూలానికి ఉండాలి. అప్పుడు మోకు డోరు బయటి నుంచి కిందకు దిగి దాన్ని సరుకు వైపే నొక్కి పెడుతుంది.

మిర్చిబండి, గుంటూరు

పెద్దాయనా, మీ మాట చదివి లేచి వెళ్లి చూశాను. నా బండి కొక్కేలు డోరు పై అంచుకే ఉన్నాయి, పక్కకు ఐదేసి. రెండేళ్లుగా ప్రతి లోడుకూ వాటికే మోకు బిగించాను.

మేస్త్రీ గారూ, చేయవలసిన పని మొత్తం వరుసగా చెప్పగలరా? ఇక్కడ గుంటూరులోనే చేయించుకుంటాను.

బాడీ మేస్త్రీ, ఆటోనగర్, విజయవాడ

ముందుగా గ్రిల్ విప్పి పక్కన పెట్టండి. డోర్లను తిన్నగా చేయడానికి డోరుకు డోరుకు మధ్య అడ్డంగా జాకీ వేసి నెడితే పొట్ట ఇంకా పెరుగుతుంది. డోరు ఊడదీసి, రెండు చివర్లు దుంగల మీద ఆనించి, పొట్ట పైకి ఉండేలా పెట్టి నడుమ నొక్కాలి. వదిలితే కొంత వెనక్కు వస్తుంది కాబట్టి తిన్నగా అయ్యే చోటు దాటి కొంచెం ఎక్కువే నొక్కాలి. సన్న రేకును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం వద్దు, అలలు లేస్తాయి.

పగిలిన అడ్డ చానల్ చివర పాత వెల్డింగును గ్రైండరుతో పూర్తిగా చెక్కి, శుభ్రమైన లోహం కనబడ్డాకే కొత్తగా అతకాలి. పగులు మీద మళ్లీ ఒక పూత వెల్డింగు పోసే వాళ్లను ఆపండి. అది కప్పుకుంటుందే తప్ప అతకదు. పక్క దూలం, అడ్డ చానల్ కలిసే మూలల్లో 6 మిల్లీమీటర్ల మందం, 150 మిల్లీమీటర్ల భుజాల త్రికోణపు ముక్కలు పెట్టాలి. వెనుక గుంజల అడుగున కూడా అవే. వెనుక గుంజలను పైన కట్టే వీలు లేదు కాబట్టి వాటి బలమంతా అడుగునే రావాలి. త్రికోణం కొనలను సూదిగా వదలకుండా చిన్నగా కోయండి, సూది కొన దగ్గరే తిరిగి పగులు మొదలవుతుంది.

తొట్టి నడుమకు అడ్డ చానల్ లేకపోతే 75 మిల్లీమీటర్ల చానల్ ఒకటి ఈ కొస నుంచి ఆ కొస దాకా కొత్తగా వేయాలి. నడుమ గుంజల జేబులు దాని చివర్లకే అతకాలి, నేల రేకుకు కాదు. రేకుకు అతికితే గుంజ గట్టిగానే ఉంటుంది, రేకు మాత్రం గుండ్రంగా చిరిగి వస్తుంది. జేబుకు 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 4 మిల్లీమీటర్ల మందం. గుంజకు 40 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 3 మిల్లీమీటర్ల మందం. లోపల రెండు మిల్లీమీటర్ల సందు ఉంటుంది, దిగడానికీ తీయడానికీ అది చాలు. జేబు లోతు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గ్రిల్ కాళ్లు ఇక డోరును తాకకూడదు; అవి మూల గుంజలకూ ఈ నడుమ గుంజలకూ తగలాలి. డోరు పై అంచుకు 50, 25 మిల్లీమీటర్ల గొట్టాన్ని, దాని 50 మిల్లీమీటర్ల లోతు బయటకు వచ్చేలా పొడవునా వేయండి. అరిగిన బంది రంధ్రాలకు గొట్టపు బుష్‌లు వేయించండి.

ఇప్పుడు గట్టిగా చెప్పవలసిన మాట. చాసిస్ పట్టాలకు వెల్డింగు ముట్టించవద్దు, వాటి పై కింది అంచుల్లో రంధ్రాలు వేయవద్దు. తొట్టి చాసిస్ మీద యూ బోల్టులతో, మధ్యలో మెత్తతో కూర్చొని ఉంటుంది; గతుకుల్లో చాసిస్ మెలితిరగడానికి అది కావాలి. గట్టిగా ఉంటుందని తొట్టిని చాసిస్‌కు అతికేస్తే ఆ మెలిక అంతా అతుకు దగ్గర చేరి చాసిస్ పగులుతుంది. వెల్డింగు మొదలు పెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పించండి, ఎర్తు క్లాంపు పని జరిగే చోటికి దగ్గరగా పెట్టించండి. ఇప్పటి బళ్లలో కంప్యూటరు పెట్టెలు ఉన్నాయి, వెల్డింగు కరెంటు వాటి గుండా పోతే అవి కాలిపోతాయి.

బరువు కూడా లెక్క వేశాను. గుంజలు, జేబులు, కొత్త చానల్, త్రికోణాలు, పై గొట్టాలు అన్నీ కలిపి సుమారు 38 కిలోలు. మీ మిర్చి టిక్కీ ఒకటి అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.

పాలిటెక్నిక్ మాస్టారు, తెనాలి

గుంజ కొలత సరిపోతుందా అని సరిచూశాను. మలుపులో వచ్చే తిప్పుడు బలంలో సగం ఒక్క నడుమ గుంజే మోయవలసి వచ్చినా, ఆ 40 మిల్లీమీటర్ల గొట్టంలో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు సుమారు 100 న్యూటన్లే ఉంటుంది. మామూలు నిర్మాణపు ఉక్కు 250 దగ్గర శాశ్వతంగా వంగడం మొదలవుతుంది. గొలుసు సాయం ఈ లెక్కలో కలపలేదు.

చేపలబండి, విజయవాడ

కైకలూరు నుంచి చేపల పెట్టెలు తెచ్చేవాడిని కాబట్టి తుప్పు గురించి రెండు మాటలు. మా బండి పక్కలు విచ్చుకోవడానికి బరువు కారణం కాదు, ఐసు నీళ్లు కారి నేల రేకూ డోరూ కలిసే మూలలో నిలిచి, పైన రంగు ఉండగానే లోపల ఇనుము తినేసింది. కొత్తగా వేసే ప్రతి గొట్టానికీ కింద నీరు పోయే రంధ్రం ఉండాలి, లేదా రెండు చివర్లూ పూర్తిగా మూసి అతకాలి. సగం మూసిన గొట్టం అన్నిటికంటే చెడ్డది. వెల్డింగు అయిన రోజే రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే తొలి పూత) వేయించండి. జింకు పూత ఉన్న గొట్టం వాడుతుంటే అతికే చోట ఆ పూతను ముందుగా గీకించండి. ఆ పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది, మా వెల్డరు కుర్రవాడు అలాగే పడిపోయాడు.

లైసెన్సు పత్రాలు, గుంటూరు

పని మొదలు పెట్టే ముందు గ్రిల్ విషయం రవాణా కార్యాలయంలో అడగండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. తొట్టి కొలతలు మారకుండా లోపలి అతుకులు బాగుచేయడం ఒక సంగతి, ఎత్తు పెంచడం ఇంకో సంగతి. 2019 సవరణ తరువాత 194వ సెక్షన్ కింద అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా ఉంది. సరుకు తొట్టి పక్కల కంటే బయటకు పొడుచుకొని వచ్చినా అదే సెక్షన్‌లో విడిగా 20,000 ఉంది. పొట్ట వచ్చిన డోరు మీద ఉబ్బిన టిక్కీలను తనిఖీ అధికారి ఆ కంటితోనే చూస్తారు.

ఇసుక సరఫరా, ఉండవల్లి

మాస్టారు చెప్పిన 21 సెంటీమీటర్ల లెక్క చదివాక మా తొట్టి లోపల ఆ ఎత్తున పసుపు రంగు గీత గీయించాను. తడి ఇసుక ఇంకా బరువు కాబట్టి గీతకు రెండు వేళ్లు కిందే ఆపమని కుర్రవాళ్లకు చెప్పాను. ఒక ట్రిప్పుకు వచ్చే డబ్బు తగ్గింది, ఒప్పుకుంటున్నాను. మేస్త్రీ గారూ, ఊడదీసే గుంజల జత ఒకటి నాకూ కావాలి, వచ్చే వారం ఆటోనగర్ వస్తాను.

మిర్చిబండి, గుంటూరు

యాభై రోజుల తరువాత రాస్తున్నాను. రవాణా కార్యాలయంలో అడిగితే గ్రిల్ ఎత్తు తగ్గించమన్నారు, అడుగుకు కోయించాను. మిగతా పని మేస్త్రీ గారు చెప్పినట్టే జరిగింది, ఒక్క పొరపాటు తప్ప: షెడ్డువాళ్లు మొదట జేబులను నేల రేకుకే అతికారు, ఈ చర్చను ఫోనులో చూపించి మళ్లీ చెక్కించి చానల్‌కు అతికించాను. ఇనుము, కూలి, రంగు కలిపి 11,500 రూపాయలు అయింది. కొక్కేలన్నీ పక్క దూలం కిందకు మార్చాను.

డోర్లు తిన్నగా చేశాక దారం లాగితే ఎడమ పక్క 6 మిల్లీమీటర్లు, కుడి పక్క 4 మిగిలాయి. యార్డుకు 33 టిక్కీల లోడుతో వెళ్లిన ప్రతిసారీ దించక ముందూ దించిన తరువాతా కొలిచాను. లోడుతో ఎడమ డోరు 9 దాకా వెళ్తోంది, దించాక మళ్లీ 6కు వస్తోంది. ఇరవై రెండు ట్రిప్పుల తరువాత కూడా 6 దగ్గరే ఉంది. వెనుక డోరు గొళ్లెం ఇప్పుడు ఒక్క చేత్తో పడుతోంది. ముఠావాళ్లు పేర్చేటప్పుడు నేనే పక్కన నిలబడి తొందరపెట్టకుండా చూస్తున్నాను, పెద్దాయన మాట మీద.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. నడుమ గుంజల జేబుల్లోకి మిర్చి గింజలు, దుమ్ము దిగి గడ్డకట్టి, ఎడమ గుంజ బిగుసుకుపోయింది. సుత్తితో కింది నుంచి కొడితే గానీ రావడం లేదు.

బాడీ మేస్త్రీ, ఆటోనగర్, విజయవాడ

జేబు అడుగున పలక వేసి మూసి ఉంటారు, అదే కారణం. ఆ పలక కోసేయించి అడుగు తెరిచి ఉంచండి; గింజలూ నీళ్లూ కిందకు జారిపోతాయి. గుంజ జారిపోకుండా జేబుకూ గుంజకూ కలిపి 12 మిల్లీమీటర్ల పిన్ను అడ్డంగా వేయించి, దానికి చిన్న గొలుసు కట్టండి, లేకపోతే యార్డులో పోతుంది. నెలకోసారి గుంజ పైకి లాగి పాత ఇంజను ఆయిల్ పట్టించి దింపండి. కోసిన అంచుకు రెడ్ ఆక్సైడ్ మరిచిపోవద్దు.

మిర్చిబండి, గుంటూరు

రేపు ఉదయమే కోయిస్తాను మేస్త్రీ గారూ. పిన్ను గొలుసుతో సహా.